మీకు తెలుసా? బయలు నడుమ ఒంటి ముళ్లచెట్టు

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటాం. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌కు వెళితే ఆ సామెత కళ్లెదుట నిలబడి కనిపిస్తుంది. కాకపోతే అక్కడ ఆముదం బదులు ఓ ముళ్లచెట్టు ఉంటుంది. పేరు హాథార్న్.

డార్ట్‌మూర్ ఆ దేశానికి నైరుతి మూలన, డెవన్ కౌంటీలో 954 చదరపు కిలోమీటర్ల మిట్టనేల. షెర్లాక్ హోమ్స్ అభిమానులకు కొత్త చోటేమీ కాదు, బాస్కర్‌విల్స్ వేటకుక్క అరిచింది ఈ బయల్లోనే. ఎటు చూసినా గడ్డి, చిత్తడి, పొగమంచు. మధ్య మధ్య హైదరాబాద్ శివార్లలో మాదిరిగా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న గ్రానైట్ బండలు. ఇలాంటి చెట్టూ చేమా లేని మిట్ట బీళ్లను అక్కడ ‘మూర్’ అంటారు. ఆ బీట్లో ఎక్కడో ఒకచోట ఇద్దరు మనుషుల ఎత్తున, ఒక పక్కకు ఒరిగి, హాథార్న్ ఒక్కటే నిలబడి ఉంటుంది. ఫొటోలు తీసేవాళ్లకు అదంటే ప్రాణం. చూసినవాళ్లందరికీ వచ్చే సందేహం ఒకటే: చుట్టుపక్కల ఇంకే చెట్టూ లేదు, మరి ఇదొక్కటే ఇక్కడెందుకుంది?

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే దారిలో దొరికిన సంగతులివి.

1. కత్తెర గాలిదే

ఆ చెట్టు తలంతా ఒకే వైపుకు దువ్వినట్టు ఉంటుంది. గాలి తోసి తోసి వంచేసిందనుకుంటాం. నిజానికి గాలి చేసింది క్షవరం. బ్రిటన్‌లో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. ఆ వైపు మొగ్గలూ లేత చిగుళ్లూ తడి ఆరిపోయి, రాపిడికి నలిగి చచ్చిపోతాయి. చాటున ఉన్న ఈశాన్యం వైపు కొమ్మలే బతికి బట్టకడతాయి. ఏటేటా ఇదే తంతు జరిగేసరికి చెట్టు మొత్తం ఈశాన్యానికి వేలు చూపిస్తున్నట్టు తయారవుతుంది. దిక్కు తెలియని పొగమంచులో ఈ చెట్టు కనబడిందంటే దిక్సూచి దొరికినట్టే.

2. గొడుగు అడుగు అంత చదునుగా ఎందుకుంది?

పైభాగం గాలిదైతే కిందిభాగం గొర్రెలది. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే కొమ్మల అడుగుభాగం తాడు పట్టి గీసినట్టు ఒకే ఎత్తులో తెగి ఉంటుంది. మెడ చాచిన గొర్రెకో, అక్కడ తిరిగే పోనీ గుర్రానికో ఎంతవరకు అందితే అంతవరకు ఆకు మిగలదు. ఆ గీత చూసి ఆ బీట్లో ఏ పశువు మేస్తోందో చెప్పేయొచ్చు.

3. నాటింది ఎవరు?

మనిషైతే కాదు. అక్టోబరు వచ్చేసరికి చెట్టు నిండా ఎర్రటి పండ్లు కాస్తాయి. ఒక్కోటి మన పరికిపండు కంటే కాస్త పెద్దది. చలికాలం గడపడానికి స్కాండినేవియా నుంచి సముద్రం దాటి వచ్చే ఫీల్డ్‌ఫేర్, రెడ్‌వింగ్ పక్షులకు ఇదే విందు. పండు మింగి, మైళ్లు ఎగిరి, ఏ బండ మీదో వాలి రెట్ట వేస్తాయి. గింజ ఆ రాళ్ల సందులో పడుతుంది.

పడ్డ గింజ వెంటనే మొలకెత్తదు. దాని చుట్టూ రాయిలాంటి పెంకు ఉంటుంది. ఆ పెంకు మెత్తబడాలి, లోపలి గింజకు చలి తగలాలి. సాధారణంగా రెండు చలికాలాలు దాటితే గానీ మొలక బయటికి రాదు. అంటే ఒక ఏడాదిన్నర మట్టిలో మౌనవ్రతం.

ఆ తర్వాత అసలు గండం. గడ్డిలో మొలిచిందా, గొర్రె ఒక్క కొరుకుతో పని పూర్తి చేస్తుంది. నోరు దూరని బండల నెర్రెలోనో, ముళ్ల పొద నడుమనో మొలిచిన ఏ ఒక్కటో బతుకుతుంది. మూర్ మీది ఒంటి చెట్టు మొదలుకు రాయి ఆనుకుని కనిపించడం అందుకే. ఎక్కడ పుట్టాలో చెట్టు ఎంచుకోలేదు. ఎక్కడ పుట్టింది బతికిందో అదే మనకు కనిపిస్తోంది.

4. ఈ ముల్లు గులాబీ ముల్లులాంటిది కాదు

హాథార్న్ గులాబీ కుటుంబంలోదే. ఆపిల్, బేరి, బాదం, స్ట్రాబెర్రీ కూడా దీని చుట్టాలే. కానీ ముల్లు సంగతిలో గులాబీకీ దీనికీ పోలిక లేదు. గులాబీ ముల్లును బొటనవేలితో పక్కకు నొక్కితే పుటుక్కున ఊడి వస్తుంది, ఎందుకంటే అది తోలుకు అంటుకుని ఉన్నదే. హాథార్న్ ముల్లు మాత్రం ఒక కురచ కొమ్మ. మాను కర్రలోంచే పుట్టుకొస్తుంది, విరిస్తే తప్ప ఊడదు. మన కాగితంపూల తీగ ముల్లు కూడా ఈ బాపతే. హాథార్న్ ముల్లును పరీక్షగా చూస్తే, దాని మీదే ఓ చిన్న ఆకు మొలిచి కనిపించడం కద్దు. ముల్లుగా మారినా కొమ్మ తన పుట్టుక మరచిపోలేదన్నమాట.

5. నెల పేరే ఇంటిపేరు

మే రాగానే మన పెరళ్లలో ఎర్రటి బంతిలా విచ్చుకునే దుంపమొక్కను మే పుష్పం అంటాం. బ్రిటన్ వాళ్ల మే పుష్పం వేరు. అది హాథార్న్. చెట్టునే ‘మే’ అని పిలుస్తారు. 1620లో వలసదారులను అమెరికాకు మోసుకెళ్లిన ఓడ ‘మేఫ్లవర్’ పేరు విన్నారు కదా, ఇంగ్లండ్‌లో ఆ మాటకు చాలామంది చెప్పుకునే అర్థం ఈ పువ్వే.

వెనకట మే ఒకటిన తెల్లవారకముందే పొలాలకు వెళ్లి పూలకొమ్మలు విరుచుకొచ్చి గుమ్మాలకు కట్టుకునేవారు. ఉగాదికి మనం మామిడాకులు కట్టుకున్నట్టే. ఇప్పుడు చూస్తే మే ఒకటిన చాలాచోట్ల చెట్టుకు మొగ్గలే ఉంటాయి, పూలు నెల మధ్యకు గానీ రావు. తప్పు చెట్టుది కాదు. 1752లో బ్రిటన్ పాత జూలియన్ క్యాలెండర్ వదిలేసి గ్రెగోరియన్‌కు మారింది. ఆ ఏడు సెప్టెంబరు 2 బుధవారం రాత్రి పడుకున్నవాళ్లు 14 గురువారం పొద్దున నిద్ర లేచారు. మధ్య 11 రోజులు లేవు. ఆ లెక్కన మరుసటి ఏటి నుంచి మే ఒకటి అన్ని రోజులు ముందే వచ్చేసింది. చెట్టుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈమధ్య వసంతాలు వెచ్చబడి, దక్షిణ ఇంగ్లండ్‌లో కొన్నేళ్లు ఏప్రిల్ చివరికే పూసేస్తోంది. పోయిన రోజులను చెట్టు తన దారిలో తానే వసూలు చేసుకుంటోంది.

6. పండగ ఎప్పుడో చెట్టునే అడిగారు

పండగ ఫలానా రోజా, మర్నాడా అన్న తగువు మన పంచాంగాలకు కొత్త కాదు. 1752 డిసెంబరులో ఇంగ్లండ్‌కు అదే చిక్కొచ్చింది. కొత్త క్యాలెండర్ ప్రకారం క్రిస్మస్ చేసుకోవాలా, పాత లెక్క ప్రకారమా?

గ్లాస్టన్‌బరీ అనే ఊళ్లో ఒక రకం హాథార్న్ ఉంది. అది ఏడాదికి రెండుసార్లు పూస్తుంది, వసంతంలో ఒకసారి, నడి చలికాలంలో క్రిస్మస్ రోజుల్లో మరోసారి. ఏసు దేహాన్ని సమాధిలో ఉంచిన అరిమతయియ యోసేపు ఆ ఊరి కొండ మీద చేతికర్ర గుచ్చితే అది చిగిర్చి చెట్టయిందని ఐతిహ్యం. అలాంటి చెట్టుకు అసలు క్రిస్మస్ ఏదో తెలియకుండా ఉంటుందా? బకింగ్‌హమ్‌షైర్‌లోని క్వెయిన్‌టన్ ఊళ్లో ఆ చెట్టు అంటు అని చెప్పుకునే ముళ్లచెట్టు ఒకటుండేది. 1752 డిసెంబరు 24 రాత్రి 2,000 మందికి పైగా లాంతర్లు పట్టుకుని దాని చుట్టూ మూగారని అప్పటి ‘జెంటిల్‌మన్స్ మ్యాగజీన్’ రాసింది. చెట్టు పూయలేదు. అయితే ఇది దొంగ క్రిస్మస్ అని జనం తేల్చేశారు. పాత లెక్క ప్రకారం పండగైన జనవరి 5న గ్లాస్టన్‌బరీ చెట్టు ఎప్పట్లాగే పూసిందనీ అదే పత్రిక రాసింది.

ఆ వంశపు చెట్టు రెమ్మ ఇప్పటికీ ఏటా క్రిస్మస్‌కు బ్రిటన్ రాజకుటుంబానికి వెళ్తుంది. గింజ నాటితే మాత్రం మామూలు హాథార్నే వస్తుంది, రెండు పూతల గుణం కావాలంటే అంటు కట్టాల్సిందే. కొండ మీది పాత చెట్టును 17వ శతాబ్దపు అంతర్యుద్ధ కాలంలో నరికేశారు. 1950ల మొదట్లో నాటినదాన్ని 2010 డిసెంబరులో ఎవరో రాత్రికి రాత్రి కొమ్మలన్నీ కోసి మోడు చేసిపోయారు.

7. పువ్వు తెలుపు, వాసన నీచు

హాథార్న్ పువ్వుకు అయిదు తెల్లటి రేకులు, మధ్యలో గులాబీరంగు తలల కేసరాలు ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దగ్గరికెళ్లి ముక్కు పెడితే తియ్యదనం వెనకాలే చేపల బజారు గుర్తొస్తుంది. కారణం ట్రైమిథైలమిన్ అనే రసాయనం. చేపకు ఆ నీచు వాసన ఇచ్చేది ఇదే, కుళ్లుతున్న శవంలో పుట్టేదీ ఇదే. ఈగలూ చిన్న పురుగులూ వచ్చి పరాగం మోసుకెళ్లడానికి చెట్టు వేసే ఎర అది.

ఈ పూలను గుమ్మం బయట కట్టుకోవచ్చు గానీ ఇంట్లోకి తెస్తే చావు వెంట వస్తుందని బ్రిటన్ పల్లెల్లో గట్టి నమ్మకం. శవాన్ని ఇంట్లోనే రోజుల తరబడి ఉంచుకున్న కాలపు మనుషులకు ఆ వాసన ఏం గుర్తు చేసిందో ఊహించడం కష్టం కాదు.

8. హైవే పక్కకు జరిగింది

ఐర్లాండ్‌లో పొలం నడుమ ఒంటరిగా నిలిచిన హాథార్న్‌ను ‘షీ’ అనే అదృశ్య జనుల సొత్తుగా చూస్తారు. ఇంగ్లీషులో ఫెయిరీలంటారు గానీ, మన కథల్లో రెక్కలున్న ముద్దు బొమ్మలు వీళ్లు కారు. కోపమొస్తే పాడిని ఎండగట్టి, మనిషిని మంచాన పడేసేవాళ్లు. ఊడలమర్రి మీద మనవాళ్లకున్న భయం లాంటిదే. దుక్కి దున్నే రైతు ఆ చెట్టు దగ్గరికి రాగానే ట్రాక్టరును చుట్టూ తిప్పుకుపోతాడు. ‘నమ్ముతావా?’ అని అడిగితే నవ్వేస్తాడు, కొమ్మ మాత్రం కొట్టడు.

1999లో క్లేర్ కౌంటీలో కొత్త రోడ్డు వేస్తుంటే లాటూన్ దగ్గర అలాంటి పొద ఒకటి అడ్డొచ్చింది. ఎడీ లెనిహన్ అనే కథకుడు పత్రికలకెక్కాడు. మన్‌స్టర్ ప్రాంతపు ఫెయిరీలు కొనాక్ట్ ప్రాంతపు ఫెయిరీల మీదికి యుద్ధానికి వెళ్లేటప్పుడు కలుసుకునే చోటు అదనీ, దాన్ని కొడితే ఆ రోడ్డు మీద ప్రాణాలు పోతాయనీ హెచ్చరించాడు. వార్త అమెరికా పత్రికల దాకా పాకింది. చివరికి ఇంజినీర్లు పొదను ఉంచి రోడ్డునే సర్దారు. 2002లో ఎవరో దాని కొమ్మలన్నీ కోసేస్తే, మోడు మళ్లీ చిగిర్చింది.

9. కొట్టేసినవాళ్ల కథ

బెల్‌ఫాస్ట్ శివారు డన్‌మరీలో డెలోరియన్ కార్ల కర్మాగారం కట్టేటప్పుడు అలాంటి ఒంటి చెట్టును కూల్చేశారని అక్కడి జనం చెప్పుకుంటారు. కంపెనీ 1982లో దివాలా తీసింది. లెక్కల పుస్తకాలు తిరగేసినవాళ్లు వేరే కారణాలు చెబుతారు, ఊరివాళ్లు చెట్టు వైపు చూపిస్తారు. ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ సినిమాలో కాలంలో ప్రయాణించిన కారు ఈ కంపెనీదే.

10. పీలిక కుళ్లితే రోగం పోతుంది

గుళ్ల దగ్గర చెట్లకు మనం ముడుపులూ ఊయలలూ కడతాం. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో పవిత్రమైన బావుల పక్కనున్న హాథార్న్‌లకు గుడ్డపీలికలు కడతారు. పీలికను బావినీళ్లలో తడిపి, నొప్పి ఉన్నచోట అద్ది, కొమ్మకు కట్టేస్తారు. గుడ్డ కుళ్లి రాలిపోతుంటే రోగమూ దానితోపాటు రాలిపోతుందని నమ్మకం. నూలూ ఉన్నీ కట్టిన కాలంలో అది సాగింది. ఇప్పుడు పాలిస్టర్ పీలికలొచ్చాయి, అవి కుళ్లవు. ఆ లెక్కన రోగమూ పోదు, పైగా కొమ్మ గొంతుకు ఉరి బిగిసినట్టవుతుంది.

11. ముల్లు పేరుతో ఓ అక్షరం

పాత ఇంగ్లీషులో ‘థ’ శబ్దానికి ప్రత్యేకంగా ఓ అక్షరం ఉండేది. పేరు ‘థార్న్’, అంటే ముల్లు. అచ్చు యంత్రాలు వచ్చాక ఐరోపా నుంచి తెచ్చిన అచ్చుల్లో ఆ అక్షరం లేకపోతే, చూడ్డానికి దగ్గరగా ఉందని దాని బదులు ‘వై’ వాడేశారు. పాతకాలం పబ్బుల బోర్డుల మీద ‘యి ఓల్డ్’ అని కనిపించేది నిజానికి ‘ద ఓల్డ్’. మన బండి ‘ఱ’ బళ్లలోంచి వెళ్లిపోయినట్టే ఇంగ్లీషులోంచి ముల్లక్షరం వెళ్లిపోయింది. ఐస్‌లాండ్ భాషలో మాత్రం ఇప్పటికీ రోజూ రాస్తారు.

12. కంచె పేరే చెట్టు పేరు

హాథార్న్‌లో మొదటి ముక్క ‘హా’కు పాత అర్థం కంచె. అంటే కంచెముల్లు. అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్న డచ్చి నగరం ‘ద హేగ్’ పేరులో ఉన్నదీ అదే మాట. దొరగారి కంచె అని దాని పూర్తి పేరుకు అర్థం.

మన రైతులు చేనిచుట్టూ తుమ్మకంప వేస్తారు, గట్టున నాగజెముడో కిత్తనారో నాటుతారు. ఇంగ్లండ్ రైతుకు ఆ పని చేసిపెట్టింది హాథార్న్. 1750-1850 మధ్య ఉమ్మడి బీళ్లను చట్టాలు చేసి ముక్కలుగా పంచుకున్నప్పుడు సుమారు 2,00,000 మైళ్ల కంచె నాటారని అంచనా. అందులో సింహభాగం ఈ చెట్టుదే. నిన్నటిదాకా గొడ్లు మేపుకున్న బీడు, కట్టెపుల్లలు ఏరుకున్న బీడు పేదవాడికి కాకుండా పోయింది. ఒక ముల్లు బీటి నడుమ ఒంటరిగా నిలిస్తే దేవతల చెట్టయింది, అదే ముల్లు బారుగా నిలిస్తే అడ్డుగోడ అయింది.

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు మేలో రోడ్ల వెంట మంచు కురిసినట్టు తెల్లగా పూసిన కంచెలు చూసే ఉంటారు. అవి ఇవే.

13. హీత్రూ పక్కనే ఓ రచ్చబండ

లండన్ హీత్రూ విమానాశ్రయాన్ని ఆనుకుని స్పెల్‌థార్న్ అనే పాలనా ప్రాంతం ఉంది. ఆ పేరుకు అర్థం ‘మాటల ముళ్లచెట్టు’. వెయ్యేళ్ల కిందట ఆ చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు ఒక ముళ్లచెట్టు దగ్గర కూడి తగవులు తీర్చేవారు. మనకు రావిచెట్టు కింద రచ్చబండ ఎలాగో వాళ్లకు అది అలాగ. ఆ కాలపు భూమి దస్తావేజుల్లో పొలిమేర గుర్తుగా అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన చెట్టు కూడా ముళ్లచెట్టే. ఎందుకో తెలిసిందే కదా: బయల్లో ఒక్కటే నిలబడితే ఎవరికైనా కనబడుతుంది.

14. పొదలో దొరికిన కిరీటం

1485 ఆగస్టు 22న బాస్వర్త్ యుద్ధంలో ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ చచ్చిపోయాడు. అతని కిరీటం హాథార్న్ పొదలో చిక్కుకుని దొరికిందనీ, అక్కడే దాన్ని గెలిచినవాడి తలకెక్కించారనీ ఐతిహ్యం. ఆ గెలిచిన ఏడో హెన్రీ పొదలో కిరీటాన్ని తన చిహ్నాల్లో ఒకటిగా పెట్టుకున్నాడు.

15. పిల్లలు పెట్టిన పేరు రొట్టె-జున్ను

వసంతంలో విచ్చుకునే లేత మొగ్గల్ని ఇంగ్లండ్ పల్లె పిల్లలు దారిపొడుగునా తుంచుకు తినేవారు. వాటిని ‘బ్రెడ్ అండ్ చీజ్’ అనేవారు. రొట్టె రుచీ ఉండదు, జున్ను రుచీ ఉండదు. బడికెళ్తూ మన పిల్లలు చింతచిగురు నమిలినట్టు, అదొక కాలక్షేపం. ఆకు కాస్త కొత్తిమీర ఆకు వాటంలో చీలి ఉంటుంది.

పండులో గుజ్జు తక్కువ, గింజ ఎక్కువ. చప్పగా, పిండిపిండిగా ఉంటుంది. చక్కెర వేసి జెల్లీ చేసుకుంటారు. చైనా హాథార్న్ పండు పెద్దది, పుల్లనిది. దాన్ని పుల్లకు గుచ్చి పాకంలో ముంచితే ‘తాంగ్‌హులు’. బీజింగ్ వీధుల్లో చలికాలపు చిరుతిండి ఇది.

16. ముల్లే మాంసం కొట్టు

రెడ్-బ్యాక్డ్ ష్రైక్ అనే పిట్టకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన మారుపేరు కసాయి పిట్ట. తుమ్మెదలను, బల్లులను, ఎలుక పిల్లలను పట్టి ముల్లుకు గుచ్చి వేలాడదీస్తుంది. కొన్ని అప్పుడే చీల్చుకు తింటుంది, కొన్ని తర్వాతికి దాచుకుంటుంది. ఇంగ్లండ్‌లో గూడు కట్టడం దాదాపు మానేసిన ఈ పిట్ట 2010లో డార్ట్‌మూర్‌లో మళ్లీ గూడు కట్టింది.

17. బిర్యానీ మసాలా చుట్టం

డార్ట్‌మూర్ నడుమ ప్రిన్స్‌టౌన్‌లో ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. తెలంగాణ సగటుకు ఇది రెండింతలు. గాలి తేట, తేమ ఎక్కువ. అందుకే అక్కడి హాథార్న్ బెరడు కనబడదు. దాని నిండా లైకెన్లు, బూడిదరంగు రేకులుగా కొన్ని, పచ్చటి గడ్డాల్లా వేలాడుతూ కొన్ని. ఆకు రాలిన చలికాలంలో కూడా చెట్టు బట్ట కట్టుకున్నట్టే ఉంటుంది. లైకెన్ అంటే శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేసే కాపురం. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే.

18. ఓ ఈగ ఇల్లు మారింది

అమెరికాలో హాథార్న్ పండ్లలో గుడ్లు పెట్టే ఈగ ఒకటుంది. ఐరోపా నుంచి వచ్చినవాళ్లు ఆపిల్ తోటలు వేశాక, 19వ శతాబ్దం మధ్యకల్లా ఆ ఈగల్లో కొన్ని ఆపిల్‌కు మకాం మార్చాయి. ఆపిల్ ముందుగా పండుతుంది కాబట్టి ఆ ఈగలూ కొన్ని వారాలు ముందే లేస్తాయి. పెళ్లిళ్లు జరిగేది పండు మీదే. దాంతో రెండు మందలకూ సంబంధాలు పలచబడ్డాయి. మధ్యలో కొండలూ సముద్రాలూ లేకుండానే ఒక జాతి రెండుగా చీలగలదా అన్న ప్రశ్నకు జీవశాస్త్రవేత్తలు ఇప్పటికీ మొదట చూపించే ఉదాహరణ ఇది. 1860లలోనే ఈ సంగతి పసిగట్టినవాడు బెంజమిన్ వాల్ష్.

19. పేరులో దూర్చిన అక్షరం

‘ద స్కార్లెట్ లెటర్’ రాసిన అమెరికా నవలాకారుడు నథానియల్ హాథార్న్ ఇంటిపేరులో మొదట ‘డబ్ల్యూ’ లేదు. పూర్వీకుడు జాన్ 1692లో సేలం మంత్రగత్తెల విచారణలో న్యాయమూర్తి. ఆ మచ్చ తుడుచుకోవడానికే రచయిత అక్షరం చేర్చుకున్నాడని చాలామంది నమ్మకం. అలా చెట్టు ఆయన ఇంటిపేరులోకి వచ్చి కూర్చుంది.

20. ఒక్క చెట్టుకే అభయారణ్యం

నార్ఫక్‌లోని హెథెల్ ఊళ్లో ఓ ముసలి హాథార్న్ ఉంది. వయసు 700 ఏళ్ల పైమాటే అంటారు. దాన్నీ, దాని చుట్టూ కాస్త నేలనీ కలిపి వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం 0.025 హెక్టారు, మన లెక్కలో ఆరు సెంట్లు. ఇంతకంటే చిన్న ఇంటి స్థలాలకు మన దగ్గర గేటెడ్ కమ్యూనిటీ అని పేరు పెడుతున్నారు.

21. వడగళ్లు పడితే గానీ కనబడలేదు

1798 మార్చి 19. సోమర్‌సెట్‌లోని క్వాంటాక్ కొండల మీద చలిగాలి, వడగళ్లు. నడకకు వెళ్లిన ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్‌కు గట్టు మీద గిడసబారిన ఓ ముళ్లచెట్టు కనబడింది. ఆ దారిన అతను ఎన్నోసార్లు నడిచాడు. ఎండ కాసే వేళల్లో ఎన్నడూ దాన్ని గమనించలేదు. ఈ తుపానులో చూసినప్పుడు ఎలా మనసుకు హత్తుకుందో, అలా ఎప్పటికీ నిలబెట్టాలని ‘ద థార్న్’ అనే కవిత రాశాడు. అదే ఏడు ‘లిరికల్ బ్యాలడ్స్’లో వచ్చింది. ఆ పుస్తకంతో మొదలైన గాలే శతాబ్దం తిరిగాక మన భావకవుల దాకా వీచింది.

22. ఆఖరి చెట్టా? మొదటి చెట్టా?

ఇక మొదటి ప్రశ్నకొద్దాం. ఇదొక్కటే ఇక్కడెందుకుంది?

ప్రశ్నను తిరగేసి అడగాలి: మిగతావి ఏమయ్యాయి? డార్ట్‌మూర్ పుట్టుకతో బీడు కాదు. ఒకప్పుడు అక్కడ చాలా భాగం అడవి. రాతియుగం నుంచే మనుషులు కాల్చి, కొట్టి, పశువులను తోలారు. సుమారు 3,500 ఏళ్ల కిందట కంచుయుగపు రైతులు పొలాలకు కట్టుకున్న రాతిగట్లు ఇప్పటికీ కిలోమీటర్ల పొడవున గడ్డిలో కనిపిస్తాయి. తర్వాత నేల పులిసింది, చిత్తడి పెరిగింది, గొర్రెలు మిగిలాయి. మనం ప్రకృతి అని ఫొటో తీసుకునే ఆ బయలు వేల ఏళ్లుగా మేతమేసిన నేల.

అలా చూస్తే ఈ చెట్టు పోయిన అడవికి ఆఖరి గుర్తు. కానీ పాతకాలపు అడవి పనివాళ్లు చెప్పే మాట ఇంకొకటుంది: ఓక్ చెట్టుకు తల్లి ముళ్లచెట్టే. మేత ఆగిన చోట ముందుగా వచ్చేవాటిలో హాథార్న్ ఒకటి. జే అనే పక్షి తెచ్చి పాతిపెట్టిన ఓక్ గింజ ఆ ముళ్ల నడుమ మొలుస్తుంది. నోరు దూరదు కాబట్టి బతుకుతుంది. ముల్లు నీడన ఓక్ పెరిగి, ఓ నాటికి ముల్లునే మించిపోతుంది. ఆ లెక్కన ఇది రాబోయే అడవికి మొదటి చెట్టు.

రెంటిలో ఏది? చెట్టును ఎంత చూసినా తెలియదు. జవాబు ఆ పక్కనే మేస్తున్న గొర్రె నోట్లో ఉంది.